పద్దెనిమిదో ముద్దాయి

ఆ ఉదయం ప్రొద్దుటూరులో సారు ఇంటి ముందు ఉన్నవి: అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టె, దానికి పక్కింటి నుంచి లాగిన కరెంటు వైరు, ఒక షామియానా, ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు. ఉన్నవాళ్లు: సారు భార్య, పులివెందుల నుంచి వచ్చిన ఆమె తమ్ముడు, కాలేజీ అటెండర్లు ఇద్దరు, పాత విద్యార్థులం నలుగురం, వీధిలోవాళ్లు కొందరు. కుర్చీలు సగం పైగా ఖాళీ. పదిన్నర దాటాక ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. అందులోంచి ఇద్దరు నాయకులు దిగారు. చెరొక పూలదండ తెచ్చారు.

ఇద్దరిదీ సారు సొంత ఊరే. జమ్మలమడుగు దాటి లోపలికి పోతే వస్తుంది. మొదటి ఆయన తూర్పు వీధికి నాయకుడు, రెండో ఆయన పడమటి వీధికి. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక వర్గం ఎక్కిన బస్సు రెండో వర్గం ఎక్కేది కాదు. మొన్నటి ఎన్నికల ముందు రెండో ఆయన పార్టీ మారి మొదటి ఆయన ఉన్న పార్టీలోకే వచ్చాడు. ఇప్పుడు ఇద్దరికీ ఒక కారు చాలుతోంది.

మొదటి ఆయన పెట్టె అద్దంలోకి వంగి చూసి, "శానా మంచోడప్పా. మా కోసం ఎంతో ఓర్చుకున్నాడు," అన్నాడు.

"అవునన్నా," అన్నాడు రెండో ఆయన.

సారు భార్య లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆయన పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఒకసారి ఆయన పేరును రాయకూడని చోట రాశారు. ఆ తర్వాత కాగితం మీద తన పేరు కనిపిస్తే ఆయన చూపు పక్కకు తిప్పుకునేవాడు.

సారు మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆయన గురించి ఎవరైనా మొదట గమనించేది చేతివేళ్లు. కుడిచేతి మూడు వేళ్లు ముదురు ఆకుపచ్చగా ఉండేవి, గోళ్ల మొదళ్లలో దాదాపు నల్లగా. ఎంత కడిగినా ఆ రంగు పోయేది కాదు. కాలేజీ ఎదుటి హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషి ఒకసారి ఆ వేళ్లు చూసి ఆగిపోయాడు.

"ఏంది సామీ, గోరింటాకు మాడబెట్టుకున్నావా?"

"కాదబ్బీ. ప్లాస్టిక్కు అంటుకున్నాది."

"ప్లాస్టిక్కు అంటుకుంటాదా?"

"ఇది కరెంటు మోసే ప్లాస్టిక్కు."

"అట్లయితే ప్లేటు ఆడ పెడతా, నువ్వే జరుపుకో. నాకు పిల్లలుండారు."

సారు చాలాసేపు నవ్వాడు. ఆయన నవ్వు చప్పుడు లేకుండా భుజాల్లో కనిపించేది.

రెండో అలవాటు ఫోన్లది. సెల్‌ఫోన్లు మా ఊళ్లకు కొత్తగా వస్తున్న కాలం. కువైట్ నుంచి వచ్చినవాళ్ల చేతుల్లో, నాయకుల జేబుల్లో, వాళ్ల డ్రైవర్ల జేబుల్లో ఉండేవి. ఎవరి ఫోను దగ్గరలో కనిపించినా సారు అడక్కుండా తీసుకునేవాడు. వెనక మూత ఊడదీసి, బ్యాటరీ మధ్యలో బొటనవేలితో నొక్కేవాడు. చదునుగా ఉంటే మాట్లాడకుండా తిరిగి ఇచ్చేవాడు. లేకపోతే ఒకటే మాట: "ఉబ్బినాది. మార్చుకో."

అప్పటి ఫోన్ బ్యాటరీల్లో ధన ధ్రువం దగ్గర కోబాల్ట్ ఆక్సైడ్ ఉండేది. కోబాల్ట్ మన దగ్గర దొరకదు, ఖరీదు ఎక్కువ, వేడెక్కితే ప్రమాదం. దాని బదులు కరెంటును మోసే ప్లాస్టిక్కును, అంటే పాలిమర్‌ను, ధన ధ్రువంగా వాడవచ్చని పెద్ద దేశాల్లో ప్రయోగాలు జరుగుతున్నాయి. చిన్న కర్బన అణువులైతే బ్యాటరీలోని ద్రవంలో కరిగిపోతాయి. వాటిని గొలుసుగా కడితే కరగవు. కానీ బ్యాటరీలో చార్జి నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ ఆ గొలుసు కొంత పాడవుతుంది. అది పాడవకుండా చూడడమే సారు పని. ఆ పని ఆయనకు ఎవరూ అప్పజెప్పలేదు. కాలేజీ గోడల మధ్య అలాంటి పని మరెవరూ చేయడం లేదు.

సారు వాళ్లది గొర్రెలు మేపే ఇల్లు. ఆయన నాయన తొండూరు దాకా మంద తోలుకుపోయేవాడట. మాకు బ్యాటరీ ఆ లెక్కనే చెప్పాడు. "పొద్దున మంద బయటికి పోతాది. మాపటికి దొడ్డికి వస్తాది. పోయినన్నీ తిరిగొచ్చినాయా? అదొగటే నువ్వు చూడాల్సింది. రాతి దొడ్డి అయితే ఇరుకు, తోపులాటలో గోడ పగులుతాది. నాది ముళ్లకంప దొడ్డి. సాగుతాది, మల్ల సర్దుకుంటాది."

నేను అప్పుడు ఒక అభ్యంతరం చెప్పాను. ఈ పాలిమర్‌లోకి వచ్చిపోయేది లిథియం కాదు, దాని జతగా ద్రవంలో ఉండే రుణ అయాను. సారు నన్ను చూసి, "కరెక్టే అబ్బీ. నాది మేకల దొడ్డి అనుకో," అన్నాడు.

పాలిమర్ చేసే పద్ధతి ఇది. అనిలీన్ అనే నూనెలాంటి ద్రవాన్ని ఆమ్లంలో కలిపి, గాజు బీకరును మంచులో కూర్చోబెట్టి, ఆక్సీకరణిని చుక్క చుక్కగా వదలాలి. ముందు నీలం వస్తుంది, తర్వాత ముదురు ఆకుపచ్చ. ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు దాటకూడదు. దాటితే గొలుసులు తెగి గోధుమరంగు మడ్డి మిగులుతుంది. ఆరు గంటలు అలా కాపలా కాయాలి. ప్రొద్దుటూరు ఎండల్లో, చల్లబరిచే యంత్రమేదీ లేని ల్యాబులో. అందుకని ఆదివారం చేసేవాళ్లం. మా క్లాసు మస్తాన్ వాళ్ల నాయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మస్తాన్ గోనెసంచిలో వరిపొట్టు పోసి, ఐసు దిమ్మె దాంట్లో చుట్టి, మోపెడ్ మీద తెచ్చేవాడు. ఐసు పగలగొట్టి నింపడం మస్తాన్ పని. థర్మామీటరు నాది. చుక్కలు వదిలే గొట్టం మాత్రం సారు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎడమచేత్తో శెనక్కాయలు ఒలుచుకు తింటూ, కుడిచేతి వేళ్లను, చుక్కలు వదిలి ఆపే గొట్టం చిలక మీదే ఉంచి నిలబడేవాడు.

"సార్, కూర్చోండి సార్, నేను పట్టుకుంటా," అనేవాడు మస్తాన్.

"నీకు ఓపిక ల్యా. నువ్వు ఐసు చూసుకో."

"నాకు ఓపిక లేకపోతే ఈ ఎండలో ఐసు ఎట్ల తెస్తాండా సార్?"

"అది ఓపిక కాదప్పా, భయం. కరిగిపోతాదని."

సొంత ఊరికి సారు పోయేవాడు కాదు. ఏ వర్గం పెళ్లికీ వెళ్లలేదు కాబట్టి ఇద్దరికీ కోపమే. అయినా ఆయన వాళ్ల ఇల్లు తూర్పు వీధిలో ఉంది. కాబట్టి ఆయన మొదటి నాయకుడి మనిషి. ఆ సంగతి ఊరు తీర్మానించింది. ఆయన్ను ఎవరూ అడగలేదు.

మేము ఎమ్మెస్సీ రెండో సంవత్సరంలో ఉండగా సారు తన పొడిని తమిళనాడులోని ఒక పరిశోధన కేంద్రానికి పంపాడు. అక్కడివాళ్లు దాంతో చిన్న సెల్, అంటే బుల్లి బ్యాటరీ, కట్టి, రెండు వందల సార్లు నింపి ఖాళీ చేశారు. మొదట ఎంత పట్టిందో చివరికీ దాదాపు అంతే పట్టింది. మూడు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. వచ్చి తమ దగ్గర చేరి, ఈ పని మీదే పరిశోధన చేయమని. చేరేటప్పుడు డిగ్రీలు, కాలేజీ నుంచి విడుదల పత్రం, తన మీద ఏ కేసూ లేదని పోలీసుల ధ్రువీకరణ తేవాలని.

ఉత్తరం చదివి సారు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో వేళ్లు రుద్దుకున్నాడు. చూసుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు.

"పోదు సార్," అన్నాడు మస్తాన్.

"పోకపోయినా మేలే. ఆడ అందరి చేతులూ ఇట్లే ఉంటాయంట."

ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ ఒక్క వారమే.

తర్వాతి ఆదివారం పొద్దున జమ్మలమడుగు బస్టాండులో రెండో నాయకుడి మనిషిని చంపారు. ముందు బాంబులు వేశారు, తర్వాత కొడవళ్లతో నరికారు. చేసినవాళ్లు ఐదుగురు, అందరూ తూర్పు వీధివాళ్లు. టీ తాగుతున్న జనమంతా చూశారు. ఆ సమయానికి ప్రొద్దుటూరు ల్యాబులో థర్మామీటరు మూడు డిగ్రీలు చూపిస్తోంది.

మా ప్రాంతంలో హత్య జరిగితే ఫిర్యాదు రాయించడంలో ఒక పద్ధతి ఉండేది. నరికినవాళ్ల పేర్లు ముందు చెబుతారు. ఆ తర్వాత అవతలి వర్గంలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు ఉన్నవాళ్లు ఎవరెవరా అని కూర్చుని ఆలోచించి, వాళ్ల పేర్లు చేరుస్తారు. కొడవలి పట్టేవాడికి జైలు కొత్త కాదు. ఉద్యోగస్తుడికి మాత్రం కేసు పడితే బతుకే ఆగిపోతుంది. అవతలివాళ్లకు ఎక్కువ నొప్పి అక్కడే. ఆ ఫిర్యాదులో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. మిలిటరీకి ఎంపికై పిలుపు కోసం చూస్తున్న కుర్రాడు ఉన్నాడు. పద్దెనిమిదో పేరు సారుది. "బుట్టలో బాంబులు తెచ్చి అందించినాడు" అని రాయించారు. చూశానని చెప్పింది చనిపోయినవాడి తమ్ముడు.

నమ్మడానికి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. కెమిస్ట్రీ సారు. ల్యాబు. సీసాల్లో పొడి. వేళ్ల మీద మరక.

పోలీసులు ల్యాబుకు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కానిస్టేబులు సీసాలు బల్ల మీద వరసగా పెట్టి రాసుకుంటున్నాడు. "నల్ల పొడి," అని పైకి చదివాడు.

"నల్లది కాదు సార్. ముదురు ఆకుపచ్చ," అన్నాడు సారు.

"రెండూ ఒగటే లే."

"ఒకటి కాదు. నల్లదని రాస్తే మందుగుండు అనుకుంటారు. వెలుతురులో పెట్టి చూడు."

ఇన్‌స్పెక్టరు సీసా అందుకుని కిటికీ దగ్గర పట్టి చూశాడు. "పచ్చదే. కొట్టేసి రాయి," అన్నాడు. ఆ తర్వాత సారును జీపు ఎక్కించాడు.

బెయిలు రావడానికి నెల పట్టింది. ఆ నెలలో నేనూ మస్తానూ ఇన్‌స్పెక్టరుకు వాంగ్మూలం ఇచ్చాం. ఆయన ప్రశ్నలు బాగా అడిగాడు. ఆరు గంటల పద్ధతి విన్నాడు, ఐసు ఫ్యాక్టరీలో విచారించాడు. సారు అమాయకుడని ఆయనకు అర్థమైంది. చార్జిషీటు వేసేటప్పుడు పేరు తీసేస్తానని చెప్పాడు. పరిశోధన కేంద్రం కూడా కొన్నాళ్లు ఆగుతామంది. నిలిచేదేదో పోయేదేదో అంతా ఆ ఒక్క పేరు తీయడం మీదే ఉంది.

సారు బెయిలు మీద వచ్చిన మర్నాడు మొదటి నాయకుడు లాయరును వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు ఇంటికి వచ్చాడు. నేను అక్కడే, చాప మీద కూర్చుని ఉన్నాను.

"ఇన్‌స్పెక్టరు నీ పేరు తీసేస్తాడంట గదా సారూ?"

"అవునన్నా."

"వద్దని చెప్పు."

సారుకు అర్థం కాలేదు. లాయరు వివరించాడు. సారు జాబితాలో ఉంటే కేసు మొత్తం పోతుంది. ఆ సమయంలో ల్యాబులో ఉన్న మనిషిని బస్టాండులో చూశానని సాక్షి అంటున్నాడు. ఆ ఒక్క అబద్ధం రుజువు చేస్తే, అతను చూశానన్న మిగతావాళ్ల మీద కూడా కోర్టుకు నమ్మకం పోతుంది. మిగతా ఎవరికీ ఇంత గట్టి రుజువు లేదు కాబట్టి, సారును తీసేస్తే జాబితా శుభ్రమవుతుంది. అప్పుడు సాక్షి చెప్పేదంతా నిజమే అవుతుంది.

"నాకు ఉద్యోగం వచ్చినాదన్నా. కేసుంటే చేర్చుకోరు," అన్నాడు సారు.

"కేసు పోతాది గదా."

"ఎప్పటికి?"

"మూడేండ్లు, నాలుగేండ్లు."

"వాళ్లు అన్నాళ్లు ఆగరు."

"అంటే ఏంది సారూ? నువ్వు యాడికో పోయి ప్లాస్టిక్కు జేసుకునేదానికి మనోళ్లు ఐదుగురు లోపల కుళ్లాల్నా?"

బల్ల మీద నాయకుడి ఫోను ఉంది. సారు దాన్ని తీసుకుని, మూత ఊడదీసి, బొటనవేలితో నొక్కి చూశాడు. "ఉబ్బినాదన్నా. మార్చుకో," అని తిరిగి ఇచ్చాడు.

నాయకుడు ఇక సారును అడగలేదు. నేరుగా పైవాళ్లతో మాట్లాడాడు. అటు రెండో నాయకుడూ పైవాళ్లతో మాట్లాడాడు, లెక్చరరు పేరు తీస్తే ఊరుకోమని. వారం తర్వాత ఇన్‌స్పెక్టరు మమ్మల్ని పిలిచి టీ తెప్పించాడు. కళ్లలోకి చూడకుండా మాట్లాడాడు.

"నా సర్వీసులో రెండు పార్టీలూ ఒకే మాట మీద నిలబడింది మీ విషయంలోనే సార్," అన్నాడు.

సారు టీ పూర్తిగా తాగాడు. "ఐతే నేను రాజీ కుదిర్చినట్లే గదా," అన్నాడు.

పేరు ఉండిపోయింది.

బెయిలు షరతు ప్రకారం, పదిహేను రోజుల గడువు ముగిశాక ఆయన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పొలిమేరల్లో ఉండకూడదు. కాలేజీ యాజమాన్యం సస్పెండు చేసింది. పులివెందుల పక్కన బామ్మర్ది చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, ఉంటూ, ప్రతి సోమవారం అక్కడి స్టేషన్లో సంతకం పెట్టేవాడు. అక్కడి కానిస్టేబుళ్లందరి ఫోన్లూ నొక్కి చూశాడని తర్వాత విన్నాను. నేను ఒకసారి వెళ్లినప్పుడు మోటారు షెడ్డులో బీకరు పెట్టుకుని కనిపించాడు. ఐసు పులివెందుల నుంచి సైకిలు మీద తెచ్చుకున్నాడు. వచ్చేసరికి సగం నీళ్లే. బీకరు అడుగున గోధుమరంగు మడ్డి ఉంది.

"గొలుసు తెగినాది," అన్నాడు. బీకరును చీనీచెట్టు మొదట్లో కాదు, దూరంగా తీసుకుపోయి గుంత తవ్వి పోశాడు. చెట్లకు మంచిది కాదని.

ఆ ఏడాదే పరిశోధన కేంద్రం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశారు. ఆ స్థానంలో వేరొకరిని తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు సారు చేసిన దానిలాంటి పాలిమర్‌ గురించి వేరే దేశంవాళ్లు ప్రచురించారు. నేను ప్రింటు తీసి ఇచ్చాను. సారు బొమ్మలన్నీ జాగ్రత్తగా చూశాడు. "బాగ జేసినారు," అన్నాడు. కాగితాలు నాకే తిరిగి ఇచ్చాడు.

విచారణ నాలుగో ఏట ప్రొద్దుటూరు కోర్టులో మొదలైంది. మస్తాన్ అప్పటికి కువైట్‌లో ఉన్నాడు. సారు తరఫు సాక్షిని నేనొక్కడినే. నేను బ్యాటరీ సెల్స్ పరీక్షించే ఉద్యోగంలో చేరి ఉన్నాను, సెలవు పెట్టి వచ్చాను. నా మాట నిజమని తేలితే ఏం జరుగుతుందో నాకు తెలుసు. కోర్టు వరండాలో సారును అడిగాను.

"సార్, నేను చెప్తే ఆ ఐదుగురు కూడా బయటపడతారు."

"నువ్వు చూసింది చెప్పు. చూడంది చెప్పొద్దు. అంతకన్నా మన దగ్గరేముంది అబ్బీ?"

చెప్పాను. ఆదివారం కాలేజీలో ఏం పని అని ప్రభుత్వ న్యాయవాది అడిగాడు. మంచు, ఐదు డిగ్రీలు, ఆరు గంటలు, అన్నీ చెప్పాను. మధ్యలో ఆయన బయటికి పోలేదా అని జడ్జి అడిగారు. గొట్టం చిలక వదిలితే ఆ రోజు పని అంతా పాడవుతుందని చెప్పాను. సీసాల్లోది పేలుడు పదార్థం కాదని హైదరాబాదు నివేదిక వచ్చింది. తర్వాత మొదటి నాయకుడి లాయరు చనిపోయినవాడి తమ్ముడిని మళ్లీ బోనులోకి పిలిపించి, "సారు చేతిలో బుట్ట చూసినావా?" అని అడిగాడు.

"చూసినా."

"ఏ రంగు బుట్ట?"

అతను రెండో నాయకుడి వైపు చూశాడు. అక్కడి నుంచి ఏ సైగా రాలేదు. "ఎర్రది," అన్నాడు.

లాయరు ఇంకేమీ అడగలేదు.

తీర్పు రోజు కోర్టు ఆవరణలో టపాసులు కాల్చారు. మొదటి నాయకుడు సారును రెండు చేతులా వాటేసుకుని, "అంతా నీ పుణ్యమే సారూ," అన్నాడు. సారు ఆయన చేతులు విడిపించుకుని లోపలికి, గుమస్తా దగ్గరికి వెళ్లాడు. నేనూ వెళ్లాను.

"నా సీసాలు ఇప్పిస్తారా అప్పా?"

"రావు సారూ. అపీలు గడువు అయినాక కేసు వస్తువులన్నీ నాశనం చేయమని తీర్పులోనే ఉంది."

"సీసాలు గూడానా?"

"సీసాలు, కొడవళ్లు, అన్నీ."

"లేబుళ్లు నేనే రాసినా," అన్నాడు సారు. కాలేజీ ఆయన్ను మళ్లీ తీసుకోలేదు. ఆ తర్వాత చనిపోయేదాకా ట్యుటోరియల్లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాడు కానీ, నాకు తెలిసినంతవరకు మళ్లీ బీకరు ముట్టలేదు.

మేము బయటికి వచ్చేసరికి మెట్ల మీద చనిపోయినవాడి భార్య కూర్చుని ఉంది. ఎదురుగా మరిది తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆ సారు పేరు ఎందుకు రాయించినావురా?"

"మన లీడరన్న రాయించమన్నాడు వదినా."

"నరికినోళ్లను నువ్వు కండ్లారా చూస్తివి. వాళ్ల పేర్లు ఐదు చెప్పింటే సాలు గదరా."

అప్పుడు ఆమె మమ్మల్ని చూసింది. సారు ఆకుపచ్చ వేళ్లను వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ ఉద్యోగం పాయ, నా మొగుడూ పాయ," అంది ఆమె. కోపంగా అనలేదు. "ఏం బాగుపడిరి సారూ వీళ్లు?"

సారు మెట్లు దిగాడు. ఆమె కంటే రెండు మెట్లు కింద, ఎండలోనే, టపాసులు ఆగేదాకా నిలబడ్డాడు.

ఫిర్యాదులో పేర్లు ఇరవై మూడు. నరికినవాళ్లు ఐదుగురు. శిక్ష పడినవాళ్లు సున్నా.